డెహ్రాడూన్ మిలిటరీ కాలేజీ, అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ (పొట్టిగా ఆర్‌ఐఎంసీ) గురించి తెలుగులో సమాచారం వెతికితే ఎక్కువగా దొరికేది ప్రవేశ పరీక్ష నోటిఫికేషనే. వందేళ్ళు దాటిన సంస్థ కథ మాత్రం అంతగా కనపడదు. పిల్లల్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రులూ, సైనిక చరిత్ర మీద ఇష్టమున్నవాళ్ళూ సాధారణంగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. చరిత్ర ముందు, పరీక్ష సంగతులు చివర.

పేరులో కాలేజీ అని ఉంది. డిగ్రీ ఇస్తారా?

ఇవ్వరు. ఇది 8 నుంచి 12వ తరగతి వరకు ఉన్న రెసిడెన్షియల్ బడి. సీబీఎస్‌ఈ సిలబస్. పదకొండు, పన్నెండేళ్ళ వయసులో పిల్లలు వస్తారు, ఇంటర్ వయసులో బయటికి వెళ్తారు. ఇంగ్లండులో ఈటన్ లాంటి పాతకాలపు పెద్ద బడుల పేర్లలోనూ కాలేజీ అనే ఉంటుంది. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. ఇక్కడి విద్యార్థిని క్యాడెట్ అంటారు, చదువు ముగించుకున్నవాళ్ళని రిమ్‌కోలియన్ అంటారు.

సైనిక్ స్కూల్, మిలిటరీ స్కూల్, మిలిటరీ అకాడమీ... ఇవన్నీ ఒకటేనా?

కావు. ఈ గందరగోళం చాలామందికి ఉంది, తప్పు వాళ్ళది కాదు, పేర్లు పెట్టినవాళ్ళది.

సైనిక్ స్కూళ్ళు 1961 నుంచి రాష్ట్రాల్లో వచ్చినవి. మనకు విజయనగరం దగ్గర కోరుకొండలో, చిత్తూరు వైపు కలికిరిలో ఉన్నాయి. రాష్ట్రీయ మిలిటరీ స్కూళ్ళు వేరు, అవి చాయిల్, అజ్మీర్, బెల్గాం, బెంగళూరు, ధోల్‌పూర్‌లలో ఐదున్నాయి. వాటిలో పాతవి మొదట్లో సిపాయిల పిల్లల కోసం కింగ్ జార్జ్ పేరుతో పెట్టినవి. ఇక డెహ్రాడూన్‌లోనే ఉన్న ఇండియన్ మిలిటరీ అకాడమీ అంటే ఐఎంఏ. అది పెద్దవాళ్ళకి, అక్కడ శిక్షణ ముగిస్తే నేరుగా భుజం మీద నక్షత్రాలు పడతాయి. సికింద్రాబాద్ తిరుమలగిరిలోని మిలిటరీ కాలేజీ ఈఎంఈ పూర్తిగా వేరే సంగతి. అది సైన్యంలోని ఇంజనీరింగ్ విభాగానికి సాంకేతిక విద్య నేర్పేది.

మనం మాట్లాడుకునేది డెహ్రాడూన్ గఢీ కంటోన్మెంట్‌లో ఉన్న ఆర్‌ఐఎంసీ గురించి. ఇలాంటిది దేశం మొత్తానికీ ఒక్కటే.

బ్రిటిష్‌వాళ్ళు భారతీయ పిల్లల కోసం ఇలాంటి బడి ఎందుకు పెట్టారు?

ఇష్టపడి పెట్టలేదు. తప్పక పెట్టారు.

అప్పటి సైన్యంలో భారతీయుడు ఎంత ఎదిగినా సుబేదారు, రిసాల్దారు దగ్గర ఆగిపోవాల్సిందే. ఆ హోదా ఇచ్చేది వైస్రాయి కమిషన్. ఇంగ్లీషు కుర్రవాడు ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది, రాజు పేరున ఇచ్చే కింగ్స్ కమిషన్‌తో వచ్చేవాడు. పాతికేళ్ళు తుపాకీ మోసి, నాలుగు యుద్ధాలు చూసిన సుబేదారు కూడా నిన్న మొన్న ఓడ దిగిన ఇరవయ్యేళ్ళ కుర్రాడికి సెల్యూట్ కొట్టాలి, వాడి హుకుం వినాలి. ఒక్క తెల్ల సిపాయికి కూడా భారతీయుడు ఆజ్ఞ ఇవ్వకూడదన్నది ఈ ఏర్పాటులో అసలు మర్మం.

మొదటి ప్రపంచ యుద్ధం దీన్ని కదిలించింది. పది లక్షలకు పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటి వెళ్ళారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. ఇంత రక్తం ధారపోసినవాళ్ళకి ఆఫీసర్ హోదా ఎందుకు ఇవ్వరన్న ప్రశ్నకి లండన్ దగ్గర జవాబు లేకపోయింది. 1917లో సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, ఆ తర్వాత శాండ్‌హర్స్ట్‌లో ఏడాదికి పది సీట్లు భారతీయులకిచ్చారు. పదంటే పదే. 1921లో కేంద్ర శాసనసభలో మద్రాసు న్యాయవాది పి.ఎస్. శివస్వామి అయ్యర్ పెట్టిన తీర్మానాలు కింగ్స్ కమిషన్లలో కనీసం పాతిక శాతం భారతీయులకివ్వాలని అడిగాయి.

అయితే ఆ పది సీట్లలో వెళ్ళిన కుర్రాళ్ళు కూడా అక్కడ తడబడ్డారు. పరాయి దేశం, పరాయి తిండి, బడి రోజుల నుంచి ఒకళ్ళనొకళ్ళు ఎరిగిన ఇంగ్లీషు కుర్రాళ్ళ మధ్య ఒంటరితనం. చాలామంది మధ్యలోనే వెనక్కి వచ్చారు. చిన్నతనం నుంచే ఆ పద్ధతిలో పెంచి పంపితే నిలబడతారన్న ఆలోచనలోంచి పుట్టింది ఈ కాలేజీ. సూటిగా చెప్పాలంటే శాండ్‌హర్స్ట్‌కి కోచింగ్ సెంటర్. కాకపోతే గుర్రాలూ, క్రికెట్ మైదానాలూ ఉన్న కోచింగ్ సెంటర్.

ఎప్పుడు మొదలైంది? ఎవరు ప్రారంభించారు?

1922 మార్చి 13న. ప్రారంభించింది ప్రిన్స్ ఆఫ్ వేల్స్, తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్ పేరుతో రాజై, 1936లో ప్రేమించిన మనిషి కోసం గద్దె వదులుకున్నాయన. మొదటి కమాండెంట్ లెఫ్టినెంట్ కల్నల్ హాటన్.

ఆ తేదీ చుట్టూ ఏం జరుగుతోందో కూడా చూడాలి. యువరాజు 1921 నవంబరులో బొంబాయిలో దిగిన రోజు నుంచీ ఊరూరా హర్తాళ్ళే. సహాయ నిరాకరణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. 1922 మార్చి 10న గాంధీని అరెస్టు చేశారు. మూడు రోజుల తర్వాత డెహ్రాడూన్‌లో యువరాజు ఈ బడి తలుపులు తెరిచాడు. అదే ఏడాది ఆగస్టులో మన మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశాడు. సామ్రాజ్యం తన కోసం పనిచేసే భారతీయ ఆఫీసర్లను తయారు చేసుకోవడానికి ఎంచుకున్న ముహూర్తం ఇది.

ఆ స్థలంలో అంతకు ముందు ఏముండేది?

రాజ్‌వాడా క్యాంపు. లార్డ్ కర్జన్ 1901లో ఇంపీరియల్ క్యాడెట్ కోర్ అని ఒకటి పెట్టాడు. సంస్థానాల రాకుమారులకీ, జమీందారీ కుటుంబాల పిల్లలకీ సైనిక శిక్షణ. పేరు ఘనం, ఫలితం స్వల్పం. అందులోంచి వచ్చినవాళ్ళకిచ్చిన కమిషన్ ప్రత్యేకమైంది. తెల్లవాళ్ళ మీద అధికారం చెల్లని కమిషన్. వేడుకల్లో వైస్రాయి వెంట గుర్రాల మీద నడవడానికి తప్ప పెద్దగా పనికిరాలేదు. ఆ ప్రయోగం ముగిశాక ఖాళీగా ఉన్న ఆవరణే కొత్త బడికి చోటిచ్చింది. ఇప్పుడు ఆవరణ 138 ఎకరాలు.

అసలు పేరేమిటి? ఎప్పుడు మారింది?

మొదట పెట్టిన పేరు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రాయల్ ఇండియన్ మిలిటరీ కాలేజీ. స్వాతంత్ర్యం వచ్చాక యువరాజూ పోయాడు, రాయల్ కూడా పోయింది. మధ్యలో కొంతకాలం సైనిక్ స్కూల్ అని పిలిచి, చివరికి రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ అన్నారు. రాష్ట్రీయ అన్నాక మళ్ళీ ఇండియన్ ఎందుకు అని అడిగితే భాష ప్రకారం సమాధానం లేదు. కానీ రాయల్ తీసి రాష్ట్రీయ పెడితే పొట్టి పేరు ఆర్‌ఐఎంసీ చెక్కు చెదరలేదు. ఎవరో తెలివైనవాళ్ళే ఆలోచించారు.

క్యాడెట్లను విభజించే సెక్షన్ల (హౌస్‌ల) పేర్లు కూడా అలాగే మారాయి. బ్రిటిష్ సేనాపతుల పేర్లు పోయి చంద్రగుప్త, ప్రతాప్, రంజిత్, శివాజీ వచ్చాయి. కాలేజీ నినాదం బల్ వివేక్. అంటే బలమూ, వివేకమూ.

ఇక్కడ చదివినవాళ్ళు ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళేవారు?

మొదటి పదేళ్ళు శాండ్‌హర్స్ట్‌కి. 1925లో జనరల్ ఆండ్రూ స్కీన్ అధ్యక్షతన వేసిన సంఘంలో మోతీలాల్ నెహ్రూ, జిన్నా కూడా సభ్యులుగా ఉన్నారు. మోతీలాల్ మధ్యలో రాజీనామా చేశారు. భారతదేశంలోనే ఒక శాండ్‌హర్స్ట్ కావాలని ఆ సంఘం సిఫార్సు చేసింది. దాని ఫలితంగా 1932 అక్టోబరు 1న డెహ్రాడూన్‌లోనే ఐఎంఏ మొదలైంది. మొదటి బ్యాచ్‌లో 40 మంది. అప్పటి నుంచి ఆర్‌ఐఎంసీ పిల్లలు కొద్ది మైళ్ళ దూరంలోని ఐఎంఏకి వెళ్ళడం మొదలుపెట్టారు. 1949లో మూడు దళాలకీ ఉమ్మడి శిక్షణ క్లెమెంట్ టౌన్‌లో మొదలై, 1955 నాటికి పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)గా స్థిరపడింది. ఇప్పటికీ ఆర్‌ఐఎంసీ గురి ప్రధానంగా అటే. కేరళలోని ఎళిమల నావికా అకాడమీకి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడి నుంచి ఎంతమంది దళాధిపతులయ్యారు?

భారత సైన్యానికి నలుగురు: జనరల్ కె.ఎస్. తిమ్మయ్య, జనరల్ జి.జి. బెవూర్, జనరల్ వి.ఎన్. శర్మ, జనరల్ ఎస్. పద్మనాభన్. వైమానిక దళానికి ఇద్దరు: ఎయిర్ చీఫ్ మార్షల్ ఎన్.సి. సూరి, ఎయిర్ చీఫ్ మార్షల్ బి.ఎస్. ధనోవా.

వి.ఎన్. శర్మ 1988లో ఆ పదవికి వచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత కమిషన్ పొంది ఆర్మీ చీఫ్ అయినవాళ్ళలో ఆయనే మొదటివారు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సరిహద్దుకు సైన్యాన్ని కదిలించిన ఆపరేషన్ పరాక్రమ్ కాలంలో చీఫ్ పద్మనాభన్. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ మీద వైమానిక దాడి జరిగినప్పుడు వైమానిక దళ చీఫ్ ధనోవా. అంతకు ఇరవయ్యేళ్ళ ముందు కార్గిల్ యుద్ధంలో ఆయన మిగ్-21ల స్క్వాడ్రన్‌కి నాయకుడు.

సంస్థ గొప్పతనం చెప్పమంటే అందరూ ముందు ఈ ఆరుగురి పేర్లే చెబుతారు. నాకైతే ఈ పట్టిక కంటే దీనికి బయట ఉన్నవాళ్ళ కథలే ఆసక్తిగా అనిపిస్తాయి. అవి కింద ఉన్నాయి. కానీ తిమ్మయ్య గారిని దాటి ముందుకు పోలేం.

తిమ్మయ్య గురించి కాస్త వివరంగా చెబుతారా?

కొడగులోని మడికేరిలో 1906లో పుట్టారు. కూనూరు, బెంగళూరు బడుల తర్వాత ఈ కాలేజీ, తర్వాత శాండ్‌హర్స్ట్, 1926లో కమిషన్. కాలేజీ తొలి పంటలో మేలైన గింజ అనాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో బెటాలియన్‌కీ, ఆ తర్వాత బ్రిగేడ్‌కీ నాయకత్వం వహించారు. భారతీయుడు యుద్ధభూమిలో బ్రిగేడ్ నడపడం అప్పటికి వింత. 1948లో కాశ్మీర్‌లో ఆయన చేసిన పని సైనిక పాఠాల్లోకెక్కింది. లద్దాఖ్ దారిని మూసేసిన జోజిలా కనుమ 11 వేల అడుగులకు పైన ఉంటుంది. అంత ఎత్తుకి ట్యాంకులెక్కుతాయని ఎదుటి పక్షం కలలో కూడా అనుకోలేదు. స్టువర్ట్ ట్యాంకులను విప్పి, రహస్యంగా తరలించి, నవంబరు 1న కనుమ మీదికి నడిపించారు. దారి తెరుచుకుంది.

1953లో కొరియాలో యుద్ధ ఖైదీలను తిరిగి పంపే తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షుడు ఆయనే. 1957లో సైన్యాధిపతి అయ్యారు. 1959లో రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చి, నెహ్రూ మాట మీద వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకోకుండా ఉండాల్సిందా అన్న చర్చ 1962 చైనా యుద్ధంలో ఓటమి తర్వాత ఇప్పటికీ ఆగలేదు. 1961లో రిటైరయ్యారు. సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి దళానికి నాయకుడిగా ఉండగా 1965 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు.

మొదటి పరమవీర చక్ర గ్రహీత ఇక్కడి విద్యార్థేనా?

అవును. మేజర్ సోమనాథ్ శర్మ. పైన చెప్పిన జనరల్ వి.ఎన్. శర్మకి అన్న.

1947 అక్టోబరు చివర్లో కాశ్మీర్‌కి దళాలు వెళ్తుంటే సోమనాథ్ చేతికి ప్లాస్టర్ ఉంది. హాకీ ఆడుతూ విరగ్గొట్టుకున్నారు. వెళ్ళక్కర్లేదన్నా వినలేదు, తన కంపెనీతో తానూ వెళ్ళారు. నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయానికి దగ్గర్లోని బద్గాంలో ఆయన కంపెనీ మీద ఎన్నో రెట్లు ఎక్కువ మంది గిరిజన దళాలు మూడు వైపుల నుంచి పడ్డాయి. విమానాశ్రయం పోతే కాశ్మీర్ పోయినట్టే, ఎందుకంటే బలగాలు దిగడానికి వేరే దారి లేదు. గంటల తరబడి పట్టు వదల్లేదు. మెషిన్ గన్నర్లు తగ్గిపోతుంటే, కట్టు కట్టిన చేత్తోనే మ్యాగజైన్లలో తూటాలు నింపి అందిస్తూ ఉన్నారు. ఒక మోర్టార్ గుండు పక్కనున్న మందుగుండు మీద పడింది. అప్పటికి ఆయన వయసు 24. ఆ ఆలస్యమే విమానాశ్రయాన్ని కాపాడింది.

ఒక చిన్న సంగతి. పరమవీర చక్ర పతకాన్ని రూపకల్పన చేసింది సావిత్రీ ఖానోల్కర్. పుట్టుకతో యూరప్ మనిషి, భారతీయ ఆఫీసర్‌ని పెళ్ళాడి ఇక్కడి మనిషైపోయారు. ఆవిడ కూతురిని చేసుకున్నది సోమనాథ్ తమ్ముడే. తన చేత్తో గీసిన మొదటి పతకం వియ్యాలవారింటికే వెళ్ళింది.

ఈ కాలేజీకీ హైదరాబాద్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు, దొడ్డిదారిన ఉంది. తిమ్మయ్య, సోమనాథ్ ఇద్దరూ పనిచేసిన రెజిమెంట్ పేరు 19వ హైదరాబాద్ రెజిమెంట్. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రసెల్ 1813లో లేపిన పటాలాలు దాని మూలం. పేరు హైదరాబాదే గానీ అందులో మనవాళ్ళు లేరు, కుమావూన్, జాట్, అహిర్ సిపాయిలే ఎక్కువ. చివరికి 1945లో పేరు మార్చి కుమావూన్ రెజిమెంట్ అన్నారు. సోమనాథ్ మొదట చేరింది ఆ రెజిమెంట్ 8వ బెటాలియన్లో. అరకాన్‌లో ఆ బెటాలియన్ కమాండర్ తిమ్మయ్య. ఒకే బడిలో పదిహేనేళ్ళకు పైగా తేడాతో చదివినవాళ్ళు బర్మా అడవిలో ఒకే పటాలంలో కలిశారు.

విక్టోరియా క్రాస్ ఎవరికి వచ్చింది?

బ్రిటిష్‌వాళ్ళ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ వచ్చింది ప్రేమీంద్ర సింగ్ భగత్‌కి. 1941 ప్రారంభంలో, తూర్పు ఆఫ్రికాలో, ఆయన సైన్యపు ఇంజనీరింగ్ దళమైన సాపర్స్ అండ్ మైనర్స్‌లో ఇరవై రెండేళ్ళ సెకండ్ లెఫ్టినెంట్. ఇటాలియన్లు వెనక్కి పోతూ దారి పొడవునా మందుపాతరలు పెట్టారు. వాటిని ఏరుతూ సైన్యానికి ముందు నడిచే పని ఆయనది. నాలుగు రోజులు, 55 మైళ్ళు, 15 మందుపాతర క్షేత్రాలు. ఎక్కిన బండి రెండుసార్లు పేలింది. చెవి కర్ణభేరులు పగిలాయి. వేరేవాళ్ళని పంపుతామన్నా, అలవాటైన పని తనే చేస్తానని కానిచ్చారు. తుపాకీ పేల్చి తెచ్చుకున్న పతకం కాదిది, ఓర్పుతో వంగి నేల తడుముతూ తెచ్చుకున్నది.

1962 ఓటమి మీద విచారణ చేసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికలో రెండో పేరు ఈయనదే. తర్వాత లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. మానెక్‌షా తర్వాత బెవూర్ చీఫ్ అయ్యారు, ఆ తర్వాత వంతు భగత్‌దని సైన్యంలో చాలామంది అనుకున్నారు. బెవూర్‌కి ప్రభుత్వం పదవీకాలం పొడిగించింది. ఆ లోపు భగత్ రిటైరయ్యారు. ఇద్దరూ ఇదే బడి పిల్లలు. 1975లో 56 ఏళ్ళకే భగత్ పోయారు.

బ్రిటిష్ సైన్యం కోసం పెట్టిన బడి కదా, వాళ్ళ మీద తిరగబడ్డవాళ్ళు ఎవరూ లేరా?

ఉన్నారు. షా నవాజ్ ఖాన్. రావల్పిండి జిల్లా సైనిక కుటుంబం. ఇక్కడ చదివి, ఆఫీసరై, 1942లో సింగపూర్ పతనంతో జపాన్‌వాళ్ళకి ఖైదీ అయ్యారు. తర్వాత నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ముఖ్య సేనానుల్లో ఒకరయ్యారు. 1945 నవంబరులో ఎర్రకోటలో రాజద్రోహ విచారణ మొదలైనప్పుడు బోనులో నిలబడ్డ ముగ్గురిలో ఈయన ఒకరు. మిగతా ఇద్దరు ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. వాళ్ళ తరఫున వాదించింది భూలాభాయ్ దేశాయ్. ద్వీపాంతర శిక్ష పడింది, కానీ దేశమంతా భగ్గుమనేసరికి సేనాధిపతి ఆకిన్‌లెక్ దాన్ని అమలు చేయలేకపోయాడు.

దేశ విభజన తర్వాత సొంత ఊరు పాకిస్తాన్‌లోకి పోయినా ఆయన ఇక్కడే ఉండిపోయారు. మీరట్ నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు, కేంద్రంలో మంత్రిగా పనిచేశారు. నేతాజీ మరణం మీద 1956లో వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

పాకిస్తాన్ వైపు వెళ్ళినవాళ్ళలో పేరున్నవాళ్ళు ఎవరు?

చాలామంది. అవిభక్త భారతదేశపు బడి కాబట్టి 1947లో సైన్యం చీలినప్పుడు పూర్వ విద్యార్థులూ చీలిపోయారు.

అస్ఘర్ ఖాన్ 1957లో పాకిస్తాన్ వైమానిక దళానికి మొదటి స్వదేశీ అధిపతి. ముప్పై ఆరేళ్ళకే. మొదట్లో ఆయన చేరింది డెక్కన్ హార్స్ రెజిమెంట్లో. ఇది కూడా నిజాం కాలపు మూలాలున్నదే. 1965 వేసవిలో కచ్ రణ్‌లో గొడవ మొదలైనప్పుడు ఆయన భారత వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్‌కి ఫోన్ చేసి, విమానాలను పోరులోకి దించకుండా ఉందామన్నారు. ఆ విడత అవి పోరులోకి దిగలేదు కూడా. రిటైరయ్యాక రాజకీయాల్లోకి వెళ్ళి సైనిక పాలనను ఎదిరించారు.

ఆయన తర్వాత పగ్గాలు పట్టిన నూర్ ఖాన్ కూడా ఇక్కడివారే. అదే ఏడాది సెప్టెంబరు యుద్ధంలో అటువైపు వైమానిక దళం నడిపింది ఆయన. క్రికెట్ అభిమానులకి ఆయన వేరేగా గుర్తుండాలి. 1987 ప్రపంచ కప్ మొదటిసారి ఇంగ్లండ్ దాటి భారత్, పాకిస్తాన్‌లకి రావడానికి మన క్రికెట్ బోర్డు అధ్యక్షుడు ఎన్.కె.పి. సాల్వేతో కలిసి పట్టుబట్టినది పాక్ బోర్డు అధ్యక్షుడిగా ఉన్న ఈ నూర్ ఖానే.

గుల్ హసన్ ఖాన్ 1971 యుద్ధం ముగిసిన వెంటనే పాక్ సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్ అయ్యారు, మూడు నెలలు కూడా ఉండలేదు. ఆ తర్వాత ఆ పదవి పేరే మార్చేశారు.

వీళ్ళందరిలో నాకు మిన్నగా కనిపించేది సాహబ్‌జాదా యాకూబ్ ఖాన్. రాంపూర్ నవాబుల వంశం. 1971 మార్చిలో తూర్పు పాకిస్తాన్‌లో సేనాధిపతిగా ఉండి, సొంత ప్రజల మీద సైనిక చర్య వద్దని చెప్పి, వినకపోతే రాజీనామా చేశారు. ఆ తర్వాత ఢాకాలో ఏం జరిగిందో తెలిసిందే. ఆయన తర్వాత చాలాకాలం పాకిస్తాన్ విదేశాంగ మంత్రిగా ఉన్నారు.

మానెక్‌షా, కరియప్ప కూడా ఇక్కడే చదివారని విన్నాం. నిజమేనా?

కాదు. మానెక్‌షా నైనిటాల్ షేర్‌వుడ్ కాలేజీలో చదివి, 1932లో ఐఎంఏ మొదటి బ్యాచ్‌లో చేరారు. కరియప్ప ఇండోర్‌లోని డేలీ కాలేజీలో తాత్కాలికంగా నడిపిన శిక్షణ కేంద్రం నుంచి 1919లో కమిషన్ పొందారు. అప్పటికి ఆర్‌ఐఎంసీ పుట్టనే లేదు.

ఆడపిల్లలకి ప్రవేశం ఉందా?

ఉంది. వందేళ్ళ తర్వాత వచ్చింది. 2021లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే గానీ కదల్లేదు. 2021 డిసెంబరు పరీక్షకి అమ్మాయిలను అనుమతించారు, 2022 జులైలో మొదటి ఐదుగురు అడుగుపెట్టారు. ఆరునెలలకి ఐదుగురు చొప్పున తీసుకుంటూ, మొత్తం బలాన్ని 250 నుంచి 300కి పెంచుతామని ప్రభుత్వం కోర్టుకి చెప్పింది. ఐదు సీట్లంటే చాలా తక్కువే. శాండ్‌హర్స్ట్ పది సీట్లు గుర్తొస్తాయి.

ప్రవేశం ఎలా?

ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులై టర్ములకి. చేరే తేదీ నాటికి వయసు పదకొండున్నర నిండాలి, పదమూడు నిండకూడదు. ఏడో తరగతి చదువుతూ ఉండాలి లేదా పాసై ఉండాలి. ఈ వయసు దగ్గరే చాలామంది అవకాశం పోగొట్టుకుంటారు. పిల్లవాడు ఆరో తరగతిలో ఉండగానే లెక్క వేసుకోండి.

రాతపరీక్ష మూడు పేపర్లు: ఇంగ్లీషు 125, లెక్కలు 200, జనరల్ నాలెడ్జ్ 75 మార్కులు. పాసైనవాళ్ళకి 50 మార్కుల ఇంటర్వ్యూ, తర్వాత వైద్య పరీక్ష. ప్రతి దానిలోనూ కనీసం సగం మార్కులు రావాలి. సీట్లు రాష్ట్రాలవారీగా పంచుతారు, ఏ రాష్ట్రానికైనా వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. మన రెండు రాష్ట్రాల్లో నోటిఫికేషన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ల ద్వారా వస్తుంది. ఫీజులు, తేదీలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటనే చూసుకోవాలి.

పరీక్ష తెలుగులో రాయొచ్చా?

లేదు. లెక్కలు, జీకే ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. ఊళ్ళో తెలుగు మీడియంలో చదివే పిల్లలకి ఇది పెద్ద అడ్డు, న్యాయం కాదని కూడా నా అభిప్రాయం. లెక్కల పేపర్‌కి ఎక్కువ మార్కులుండటం ఒక్కటే ఊరట. పదాల లెక్కల్లో వచ్చే ఇంగ్లీషు మాటలు రెండు మూడు వందలు పట్టుబడితే ఆ పేపర్ లొంగుతుంది.

ఇక్కడ చేరితే ఆఫీసర్ అయినట్టేనా?

కాదు. ఎన్‌డీఏకి అందరితో పాటే యూపీఎస్సీ పరీక్ష రాయాలి, ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో గట్టెక్కాలి, వైద్య పరీక్షలో నిలవాలి. ఆర్‌ఐఎంసీ పిల్లలకి అక్కడ ప్రత్యేక కోటా లేదు. ఐదేళ్ళు ఆ వాతావరణంలో ఉన్నందువల్ల ఎస్‌ఎస్‌బీలో తడబడరు, అంతే. కళ్ళద్దాలు, చదునైన పాదాలు లాంటివి మధ్యలో బయటపడితే ఏం చేయాలో ముందే ఇంట్లో మాట్లాడుకుని పంపండి. చేరేటప్పుడు తల్లిదండ్రులు సంతకం పెట్టే కాగితాలు కూడా ఒక్కో పేజీ చదివి మరీ పెట్టండి.